రాళ్లు పెట్టని బండి

వానలు వెలిశాక, షెడ్డులో మూలపడ్డ పికప్ దగ్గరికి సుత్తి పట్టుకొచ్చాడు తమ్ముడు. అక్క స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేసింది.

"హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించావా అక్కా?"

"ఎప్పుడో దించాను. వెనక చక్రం ఉలకదు పలకదు."

"లోపల తుప్పుపట్టి అతుక్కుపోయింది. నేను కొట్టి పక్కకి జరుగుతా, అప్పుడు రివర్స్ వెయ్యి."

సుత్తి దెబ్బలు ఠంగుఠంగుమన్నాయి. బండి మూలిగింది గానీ కదల్లేదు.

"మొండిఘటం, మీ బావలాగే," అందామె. "చెప్పాపెట్టకుండా ఎవత్తెతోనో లేచిపోయినవాడు దీన్నీ తోలుకుపోతే పీడా పోయేది."

"ఈ బ్రేక్ వేసిందెవరక్కా?"

"ఇంకెవరు, ఆయనే. ఆ పొద్దున బండి ఇక్కడ పెట్టి, నడుచుకుంటూ వెళ్లాడు. అప్పట్నుంచి దీన్నెవరూ ముట్టుకోలేదు."

"చక్రాల కింద రాళ్లు పెట్టలేదా?"

"లేదు. ఏం?"

తమ్ముడు సుత్తి కింద పెట్టాడు.

"నాకు బండి నేర్పినప్పుడు బావ చెవిలో జోరీగలా పోరేవాడు. 'నాలుగు రోజులు ఊరెళ్తే బ్రేక్ వెయ్యకురా, పట్టేస్తుంది. గేర్లో ఉంచి రాళ్లు పెట్టు. సాయంత్రానికి తిరిగొచ్చేటట్టయితేనే బ్రేక్' అని."

ఆమె ఇంజిన్ ఆపేసింది. వానాకాలమంతా ఆయన్ని తిట్టుకుంటూనే బతికింది. ఎక్కడో ఒకచోట సుఖంగా ఉన్నాడనే తిట్టింది.

"అయితే సాయంత్రానికి వద్దామనే వెళ్లాడా?"

తమ్ముడు చక్రం మీది తుప్పుని అరచేత్తో తుడిచాడు.

"లేచిపోయాడనే అనరా," అందామె. "నీకు పుణ్యముంటుంది."