నీళ్లు పడని ఊరికి చావు కబురు

మద్దిలేటి అని ఒకాయప్ప ఉండె. ఒడ్డెరోళ్ల పిల్లోడు, మా పక్క ఊరే. వాళ్ల నాయన ఉరుకుందుది బాయిలు తవ్వే పని. ఈ చుట్టుపక్కల బండల ఊర్లల్లో యాడ బాయి తవ్వాలన్నా ఉరుకుందునే పిలిచేటోళ్లంట. చిన్నకొడుకు మద్దిలేటికి మాత్రం ఈ సీమంటేనే పడదు. ఎట్లా పడదంటే, సంగటి తింటా తింటా తిట్టేటోడనుకో. ఇది భూమేనా, రాళ్లు తప్ప ఏం కాసింది ఈడ, వాన మొగం చూడని ఊర్లో మనిషి పుట్టొచ్చునా, అని. ఆఖరికి ఏం చేసినాడంటే, పెండ్లాన్నీ బిడ్డనీ మళ్లొచ్చి పిల్చుకపోతానని చెప్పి, కిష్ణ కాలవల పక్క వరినాట్లకు పోయినాడు. ఆ పక్క యాడ చూసినా నీళ్లే గదా. కాలవలో కాళ్లు పెట్టుకోని కూచుంటే లేయబుద్ధి కాలేదంట. మీదే ఊరప్పా అని అక్కడోళ్లు అడిగితే, మాది ఈ పక్కనే అని అబద్ధం చెప్పేటోడంట. సొంతూరి పేరు చెప్పుకోను సిగ్గు. నవ్వుతాండారా? మీలోనూ ఉండార్లే అట్లాంటోళ్లు, బెంగుళూరు బస్సెక్కితే ఊరి పేరు మార్చి చెప్పేటోళ్లు.

అట్లా ఉండంగా ఏమైందంటే, ఉరుకుందు పాణం ఇడిసినాడు. జొరమొచ్చి నాలుగు దినాలు పండుకున్నాడు, ఐదోనాడు లేయలేదు. కబురు చేరి మద్దిలేటి వచ్చేసరికి మూడోనాడు. పెద్దకొడుకు సుంకన్న అప్పటికే నిప్పు పెట్టి అన్నీ చేసినాడు. మద్దిలేటి వచ్చి గోడకు ఆనుకోని కూచున్నాడు. కంట్లో చుక్క నీళ్లు లేవంట. ఈ రాళ్లే తినినాయి మా నాయన్ని అన్నాడంట, అంతే. ఆ పైన అన్నతో చెప్పినాడు, దినాలైతానే పెండ్లాన్నీ బిడ్డనీ తీసుకోని పోతా, మా బావమరిది కాలవ గట్టున కొట్టం చూసి పెట్టినాడు, ఇంగ ఈ ఊరి మొగం చూడను, ఈడ నా వాటా నువ్వే పెట్టుకో అని. సుంకన్న నెమ్మదైన మనిషి. పోదువులే, దానికేం, కానీ నాయన ఒక మాట చెప్పి పోయినాడు అన్నాడు. ఏం మాట? నేను బాయి తవ్విన ఏడు ఊర్లకూ నా కబురు చిన్నోడే చెప్పాల, నడిచి పోయి చెప్పాల, అన్నాడంట ముసలాయన. ఫోన్లు లేని కాలం అది. జాబు రాస్తే చదివేటోడు లేడు. మద్దిలేటికి మండింది. మండితే ఏం చేస్తాడు, బతికున్నోళ్ల మాటైతే కాదనొచ్చు, చచ్చినోళ్ల మాట కాదనేది ఎట్లా? తెల్లార్తానే కట్టె పట్టుకోని బయల్దేరినాడు.

ఒక సంగతి చెప్తా ఇనండి. ముప్పై ఏండ్లొచ్చినాయి గానీ, మద్దిలేటికి ఊర్నించి రైలు టేసనుకు పోయే దావ తప్ప ఇంగో దావ తెలీదు. ఆ దావ చూసి సీమనంతా తిట్టినాడు. ఇప్పుడు ఎర్రదొడ్డి పక్కకు గుట్టెక్కి దిగితే, అవతల లోయంతా సీతాఫలం చెట్లంట. ఈయప్ప నిలబడిపోయినాడు. మనూరికి రెండు కోసుల్లో ఇంత మంచి తావుందని నాకెవరూ చెప్పలేదే అనుకున్నాడంట. ఎవరు చెప్తారు, అడిగితే గదా. ఎర్రదొడ్డిలో బాయికాడికి పోయి, ఫలానా ఉరుకుందు పోయినాడు, నేను ఆయన చిన్నకొడుకును, అని చెప్పినాడు. గిలక మీద చేంతాడు లాగుతాండే మనిషి లాగేది ఆపేసినాడంట. ఒక ఆడమనిషి ఈయప్పను పిలిచి, చూడు నాయనా అని బాయి గట్టును ఆనుకోని ఉండే బండలో ఒక గూడు చూపించింది. కడుపుతో ఉండేటోళ్లు వంగి కడవ ఎత్తుకోలేరని, నడుమంత ఎత్తులో కడవ పెట్టుకోను బండలో గూడు చెక్కినాడంట ఉరుకుందు. చెక్కమని ఎవరూ అడగలేదంట. నా నలుగురు బిడ్డలప్పుడూ ఈ గూట్లోనే కడవ పెట్టుకున్నా అనిందంట. మద్దిలేటి ఆ గూట్లో చెయ్యి పెట్టి చూసినాడు. ఉలి గాట్లు అరిగి నున్నగుండాయంట.

అట్లా రెండో ఊరు, మూడో ఊరు. ఒకచోట నల్లరేగడి, నడిస్తే కాలు దిగుతాది. ఒకచోట కొర్రచేను కోసి, మోళ్ల నడమ కౌజు పిట్టలు పరిగెత్తుతాండాయి. ఒక ఊర్లో తుమ్మచెట్ల కింద కొర్రన్నం పెట్టినారు, తినేదాకా పోనీలేదు. ప్రతి ఊర్లో బాయికి మా నాయన పేరే ఉందే అనుకుంటా పోయినాడంట. ఉరుకుందు బాయి, ఉరుకుందు బాయి, చిన్నపిల్లోళ్లు గూడా అదే మాట. ఆరు ఊర్లైనాయి. తిట్టేది ఎప్పుడు మానేసినాడో ఆయప్పకే తెలీదు.

ఇంగ మిగిలింది గోనెబండ. ఇప్పుడు ఏమైందంటే, గోనెబండ దావ చీలేకాడ మద్దిలేటి ఆగిపోయినాడు. ఎందుకంటే ఆ ఊర్లో వాళ్ల నాయన తవ్వినాడు గానీ నీళ్లు పడలేదు. అది అందరికీ తెలుసు. ఆడోళ్లు రెండు కోసులు నడిచి వాగు చెలమలో నీళ్లు ముంచుకొస్తారు. ఏం మొగం పెట్టుకోని పోయేది, ఆ బాయి తవ్వినోడు పోయినాడంటే పీడ పోయిందంటారేమో, ఆరు చెప్పినా గదా, ఏడోది చెప్పకపోతే ఎవరు చూసినారు, అనుకున్నాడంట. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా ఆడే నిలబడినాడు. ఆరు ఊర్లల్లో నాయన గురించి అంత మంచి ఇనినాక ఏడో ఊర్లో చెడ్డ ఇనాల్సొస్తాదని బయమనుకో. ఆ బయంతోనే పోయినాడు పాపం.

పోయి, ఊరి మొదట్లో హుసేనమ్మవ్వ అని ఒక ముసలామె కూచోనుంటే, తల వంచుకోని కబురు చెప్పినాడు. ఆమె లేచి లోపలికి పోయి, తెచ్చుకున్న ఒక్క కడవ నీళ్లు రెండు చేతుల్తో ఎత్తి నెత్తిన కుమ్మరించుకునింది. మీకు తెలుసు గదా, చావు కబురు ఇంటే తలకు పోసుకునేది అయినోళ్లు. రగతం పంచుకున్నోళ్లు. బయటోళ్లకు ఆ పని లేదు. ఈమె పోసుకునింది చూసి పక్కింటామె పోసుకునింది, ఎదురింటాయప్ప పోసుకున్నాడు. వీధంతా గడపల ముందర తడిసిపోయిందంట. రెండు కోసులు మోసుకొచ్చిన నీళ్లు!

"అవ్వా, మా నాయన మీకేమైతాడని నీళ్లు పారబోసుకుంటాండారు? మీ ఊర్లో నీళ్లే పడలేదు గదా" అన్నాడు మద్దిలేటి.

హుసేనమ్మవ్వ తడి కొంగు పిండుకుంటా చెప్పింది. "పడలేదు నాయనా. పడలేదనే మీ నాయన ఏటేటా వచ్చినాడు. శివరాత్రి పోయినాక వచ్చి ఒక నిలువు, మనిషెత్తు లోతు, దించి పోయేటోడు. పదకొండేండ్లు వచ్చినాడు. పిలిస్తే వచ్చినాడా, పిలవకుండానే. ఎందుకప్పా నీకీ కష్టం, ఇడిసిపెట్టరాదా అంటే, నీళ్లు లేవని నేనూ ఇడిసిపెడితే ఈ ఊరికి ఎవరమ్మా దిక్కు అనేటోడు. నీళ్లు పడిన ఊరోళ్లు బాయిని తలుచుకుంటారు. మేము మనిషినే తలుచుకోవాల."

అప్పుడు ఏడ్చినాడంట మద్దిలేటి. నాయన పోయిన ఎనిమిదోనాడు, పరాయి ఊరి వీధి నడమ కూలబడి, గట్టిగా ఏడ్చినాడంట. ఏటేటా శివరాత్రి పోయినాక నాయన ఇంట్లో ఉండకపోతే, యాడికో కూలికి పోయినాడనుకున్నాడు గదా వీడు. అడగనే లేదు. నాయన గురించీ అడగలేదు, ఊరి గురించీ అడగలేదు, రెండిట్నీ తిట్టినాడు. ఆ బాధ చిన్నదా? ఊరోళ్లు ఏడవనిచ్చినారు. అంతా అయినాక బాయి చూపించినారు. పదకొండు నిలువులు, నిట్టనిలువు బండ, అడుగున నీడ తప్ప ఏం లేదు. ఆయప్ప చానాసేపు తొంగి చూసినాడంట.

పొద్దు వాలింది. ఇంగ పోవాల. చావు కబురు చెప్పినోడు గమ్మున తిరిగి పోవాల, పోయొస్తా అనే మాట అనకూడదు, అంటే చావును మళ్లా పిలిచినట్టు. ఎంత చిన్న పిల్లోనికైనా తెలుసది. మద్దిలేటి ఊరి బయటికి పోయి, వెనక్కి తిరిగి, అందరూ ఇనేటట్లు "పోయొస్తానవ్వా" అనేసినాడు. ఆడోళ్లంతా చెవులు మూసుకున్నారంట. హుసేనమ్మవ్వ తూ తూ అని మూడుసార్లు ఊసింది. ఊసి, ఆయప్ప దిక్కు చూసి, "రా నాయనా, వచ్చేటప్పుడు గడ్డపార తెచ్చుకో" అనింది.

దినాలైనాయి. సుంకన్న ఎప్పుడు పోతావని అడగలేదు, ఈయప్ప చెప్పలేదు. కాలవ గట్టు కొట్టంలోకి బావమరిదే పోయినాడు. శివరాత్రి పోయినాక మద్దిలేటి గోనెబండ బాయిలో దిగినాడు. నీళ్లు పడినాయా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. పన్నెండో నిలువులో బండే, పదమూడులోనూ బండే. ఆ తర్వాత సంగతి కావాలంటే గోనెబండకు పోయి చూసి రాండి, ఎంత దూరమని? మీరు సీమను తిడితే నేను వద్దనను, నేనూ తిట్టినోణ్నే. కాకపోతే ఏడూర్లు నడిచొచ్చి తిట్టండప్పా.