జేబులో చిరుత

పూతలపట్టు కూడలిలో తిరుమలమ్మ బంకు దగ్గర టీ తాగాలంటే రోడ్డు దిగి, బంకును చుట్టుకొని, మురిక్కాలువ పక్కకు పోవాలి. టీ అందించే కిటికీ అటువైపే ఉంది. వెంకటముని కొత్తవాడు కనుక అది ఈ ఊరి వాడుక అనుకున్నాడు. కాణిపాకంలో గుడి దారిలో టిఫిన్ బంకు పెడదామని కండక్టరు పని మానుకొని వచ్చినవాడు. ఆ బంకుకు డ్రాయింగు గీయించాలని కొలతల చీటీ జేబులో పెట్టుకొని యోగానంద ఎదుట కూర్చున్నాడు. యోగానందకు చిత్తూరులో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే పని. ముందున్న టీ మీద మీగడ కట్టింది. తాగితే మాట ఆగుతుందని ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"మోడల్ అంటే ముద్దప్పా. కంప్యూటర్లో ఎటు కావాలంటే అటు తిప్పి సూడొచ్చు. వెల్డరు చేతికి ముద్ద ఇయ్యలేము కదా, కాయితమే ఇయ్యాల. ముందు నుంచి ఒక బొమ్మ, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆ పక్క బొమ్మ కాడే అందరూ తడబడేది. కుడిపక్క నుంచి సూసిన బొమ్మను మనోళ్లు ఎడమకు పెడతారు, అమెరికావోళ్లు కుడికి పెడతారు. నాకు రెండూ ఒకటే. మొదట ఒక పంపు మూత గీసినాను. కాయితం చేతికి తీసుకుంటే తడి."

"తడి ఎందుకబ్బా?"

"నీళ్ల పంపు కదా. అది సూసి ఘాట్‌రోడ్డు గీయమన్నారు. కొండను ముద్దగా నిలబెట్టి, పై నుంచి ఒక బొమ్మ తీసినాను. పై నుంచి సూస్తే ఎత్తు యాడుంటాది? ఆ పొద్దు బస్సులన్నీ గేరు మార్చకుండా కొండెక్కినాయి. నువ్వు కండక్టరువి, నీకు తెలీదా?"

వెంకటమునికి తెలీదు. అయినా తల ఊపాడు. ఇంత పనిమంతుడు తన బంకు గీస్తాడంటే ఊపడం మేలనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో యినుకో. కొండెక్కే నడక దారిలో చిరుత తిరగతా ఉండాదని నన్ను పిలిచినారు. ల్యాపుటాపు తీసుకొని పోయినాను. అది దూకినాది, నేను బటన్ నొక్కినాను. చిరుత పలకైపోయి కాయితం మీద పడినాది. తోక కొలత ఎయ్యబోతే కొరికినాది, ఇదో సూడు మచ్చ. నాలుగు మడతలేసి జేబులో పెట్టుకొని బస్సెక్కినాను."

"టికెట్టు?"

"కాయితానికి టికెట్టేందప్పా?"

వెంకటముని చీటీ బయటికి తీశాడు. "మా బంకు కిటికీ జనం నడిచే పక్కకే రావాలన్నా. అటు లేకపోతే నా బతుకు..."

"అదొక పనా?"

బంకుకు అవతల తిరుపతి బస్సు ఆగింది. దిగినవాళ్లు రోడ్డు వైపు మూసి ఉన్న రేకును చూసి ఎదుటి హోటలుకు పోయారు. ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా తిరుమలమ్మ గ్లాసు కడుగుతూనే ఉంది.

"యోగానందా, ఈ బంకు బొమ్మ గీసింది నువ్వే కదప్పా. కుడికి రావాల్సిన కిటికీ ఎడమకొచ్చింది."

వెంకటముని రేకు వైపు చూశాడు, కాలువ వైపు చూశాడు.

"నేను అమెరికా పద్ధతిలో గీసినాను, వెల్డరు మన పద్ధతిలో సదివినాడక్కా," అన్నాడు యోగానంద. "బంకును తిప్పి పెట్టుకో."

"తిప్పితే తలుపు పక్కనున్న గోడకు ఆనుకుంటాది. చిరుతను మడిచినోడివి, ఈ కిటికీని ఆ పక్కకు మడిచి పోరాదా?"

వెంకటముని చీటీని నాలుగు మడతలేసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.