నూలు లాగుతుంది, నెట్టదు

1989 జూన్ 12న అనంతపురం గ్రామీణ నీటి సరఫరా కార్యాలయంలో సహాయక ఇంజనీరుగా చేరిన శ్రీమతి హేమావతి గారు, ధర్మవరం పట్టు మగ్గాల ఇంట జన్మించి, గుత్తిలోనూ తాడిపత్రిలోనూ సేవలందించి, చాలా ఏళ్లుగా మా డిజైన్ విభాగానికి పెద్దదిక్కుగా నిలిచి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి కింద పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది. తిన్న తిట్లు కూడా రాయమంటే ఈ సంచిక చాలదు.

వారి పట్టుదలకు ఒక్క ఉదాహరణ చెబుతాను. కణేకల్ దగ్గరి ఒక ఊరికి ఉక్కు స్తంభాల మీద నీళ్ల ట్యాంకు మంజూరైంది. స్తంభాల మధ్య సన్నని కడ్డీలు జంటలుగా, ఏటవాలుగా బిగిస్తారు. భూకంపం లెక్కలో కంప్యూటరు, జంటలో ఒక కడ్డీ లాగుతుందని, రెండోది నెడుతుందని భావించి భారాన్ని చెరిసగం పంచింది. సన్నని కడ్డీ నెట్టబోతే వంగిపోతుంది గనుక ఆ సగం నమ్మరానిదని హేమావతి గారు సంతకం ఆపేశారు. ఎండలు ముదురుతున్నాయి. ఆ ఊరి సర్పంచి బయ్యన్న గారు ఆఫీసుకే వచ్చి కూర్చున్నారు.

"ఏమ్మా, ఈడ భూకంపం యాడొస్తాది? నీళ్లు లేక సస్తాండాము."

మేడం గారు ఇంటికి తీసుకెళ్లే పట్టు నూలు సంచిలోంచి తీసి, ఒక కొస ఆయన చేతికిచ్చారు.

"లాగన్నా."

ఆయన లాగారు. నూలు బిగిసింది.

"ఇప్పుడు నెట్టు."

నూలు వేలాడింది.

"ఆ కడ్డీ కూడా ఇంతేన్నా. కంప్యూటరుకు ఈ సంగతి మనమే చెప్పల్ల."

బయ్యన్న గారు నూలు కొసను తిరిగి ఆమె చేతిలో పెట్టారు. "సరే, చెప్పుమ్మా. అయితే ట్యాంకు మొదటిసారి నింపేటప్పుడు సంతకం పెట్టినోళ్లు దాని కింద నిలబడల్ల. మా ఊర్లో అది కట్టుబాటు."

నెట్టే కడ్డీని లెక్కలోంచి తీసేసి, లాగేదాని మీదే మొత్తం భారం మోపి, ఊపు ఏ వైపు నుంచి వచ్చినా తట్టుకునేలా ఒక్కో దిక్కుకూ విడిగా లెక్కకట్టాం. కడ్డీలు లావయ్యాయి. మరుసటి ఏడాది ఉగాదికి నీళ్లు ఎక్కాయి. ట్యాంకు నిండుతున్నంతసేపూ హేమావతి గారు దాని కిందే నిలబడి బయ్యన్న గారితో వేరుశనగ ధరలు మాట్లాడారు. జీపు పక్కన నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూశాను.

వచ్చే నెల మరో ఊర్లో ట్యాంకు నిండుతుంది. ఆ సంతకం నాది, కింద నిలబడేదీ నేనే. హేమావతి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, అలా ట్యాంకు నిండిన ప్రతిసారీ వచ్చి నా పక్కన నిలబడి, తీరిగ్గా నన్ను తిట్టాలని మనసారా కోరుకుంటున్నాను.