బురదకి తోడు

మురుగునీళ్లు శుభ్రం చేసే కేంద్రంలో, నీటిని ఏటిలోకి వదిలే తూము చక్రం మీద చెయ్యేసి నిలబడింది ఆపరేటరు. ఎదురుగా సూపర్‌వైజరు; అతను ఆమె అక్క మొగుడే.

"మురుగు తొట్లో బ్లీచింగ్ పోశావా, బావా?"

"రేపు పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు. కంపు కొట్టకూడదని కాస్త పోశాను."

"కంపుతోపాటు మురుగు తినే క్రిములూ పోయాయి. అవి బతికే బురద నిన్నటిదాకా నిగనిగలాడింది, ఇవాళ బూడిదలా తేలుతోంది."

"కంటికి కనపడని క్రిముల కోసం ఇంత రభసా? నీళ్లు వదిలెయ్."

"వదలను. ఈ నీళ్లు ఏటిలో కలిస్తే కింద రేవులో ముంచుకునేది అక్కే."

బావ గొంతు తగ్గింది.

"మరి వచ్చే మురుగు ఎక్కడ పెడతావ్, నెత్తినా?"

"ఖాళీ తొట్టి ఉందిగా, కొన్నాళ్లు ఆపుతుంది. ఈలోపు పక్క ఊరి కేంద్రం నుంచి బతికున్న బురద తెప్పించు. పాలకి తోడేసినట్టు వేద్దాం, క్రిములు మళ్లీ పెరుగుతాయి."

"పోయి పోయి బురద అడుక్కోనా? నవ్విపోతారు."

"నవ్వనీ. నేను మాత్రం ఇక్కణ్ణించి కదలను."

బావ ఆ చక్రాన్నీ, దాని మీది చేతినీ కాసేపు చూసి ఫోను తీశాడు.

"అన్నా, మంచి బురద ఉంటే కాస్త తోడుకిస్తావా? మాదా? మాది నేనే చంపేశాను."