ఎరుపు మీద రెండు కోట్లు

రాఫెల్స్ ప్లేస్‌లో ఇరవై ఒకటో అంతస్తు, 2001. మూతపడిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు. బల్లలు, కుర్చీలు వెళ్ళిపోయాయి. ఒక గోడ నిండా ఎర్రటి మానులున్న చెట్ల బొమ్మ మాత్రం మిగిలింది. రంగులు కొట్టే ఓబయ్య నిచ్చెన మీద, కంపెనీలో మిగిలిన ఆఖరి ఉద్యోగి జనార్దనరావు కింద.

"అందుకే ఆలస్యమాయ సార్. తువాస్‌లో మా క్యాంపు కాడ లారీ ఎక్కేటప్పుడు చూసినా, ఆకాశం ఒక్క కోటు కొట్టి ఇడిసిపెట్టిన గోడ మాదిరి ఉండె. తెలుపే గానీ, లోపల మబ్బు కనపడతానే ఉండె. ఆమైన ఒకటే వాన."

"వాన సంగతి నాకెందుకు ఓబయ్యా? మూడింటికి బిల్డింగ్ వాళ్ళ మనిషొస్తాడు. అప్పటికి ఈ బొమ్మ కనపడకూడదు."

"కనపడదు సార్."

"చెట్లన్నీ అలాగే ఉన్నాయిగా!"

"ఇంకా అడుగున పట్టించే సీలర్ ఒక్కటే గదా కొట్టింది. తెలుపు ఇప్పుడు ఎత్తుకుంటా."

"ఇంత అర్జెంటు పనికి ఒక్కణ్ణే పంపించారా? ప్యాంట్రీలో ఆ నీళ్ళ చప్పుడేంటి?"

"రోలర్లు కడుగుతాండారు."

"ఎవరు?"

"మా మనిషే సార్. మీరు పోయి కాపీ తాగి రాండి. ఒంటిగంటకు రాండి, సగం అయిపోయింటాది."

"తాగొచ్చాను. నేనిక్కడే ఉంటా. నువ్వు కానీ."

"రంగు వాసన సార్. తలనొప్పి వస్తాది."

"రానీ. ఆ ఎరుపు మళ్ళీ పైకి రాదు కదా? పక్క బిల్డింగ్‌లో ఎవరిదో వారం తర్వాత తేలిందట."

"అది నేను కొట్టిందే. మొదటి గోడ. ఎరుపు సార్, రెండు కోట్లకు లొంగదు. దానికి ముందుగాల ఈ సీలర్ పట్టియ్యల్ల. అప్పుడు నాకు తెలీదు."

"ఇప్పుడెలా తెలిసింది?"

"నేర్పినారు ఒకరు."

"ఇది ఎవరు వేశారో తెలుసా నీకు?"

"తెలీకేం. అడెలీనో, పోర్చుగల్ పెద్దాయన. ఈ గోడకు పుట్టీ పెట్టింది నేనే, రెండేండ్ల కిందట. ఉప్పుకాగితంతో మూడు దినాలు రుద్దించినాడు. అరచెయ్యి పెట్టి చూస్తాడు, మళ్ళీ రుద్దు అంటాడు. ఇవి సీసాల బిరడాలు చేసే చెట్లు సార్. తొమ్మిదేండ్లకొకసారి తోలు ఒలుస్తారంట. ఒలిస్తే మాను ఇట్లా ఎర్రగా ఉంటాదంట. మళ్ళీ తోలు రావాలంటే ఇంకో తొమ్మిదేండ్లు."

"ఆయనకు డెబ్బై ఒకటి ఇప్పుడు."

"ఊఁ."

"ముప్పై ఏళ్ళకే లిస్బన్‌లో పెద్ద పేరొచ్చిందట ఓబయ్యా. పేపర్లలో ఫోటోలు. తర్వాత ఇళ్ళల్లో తగిలించుకునే చిన్న బొమ్మలు నేను వెయ్యను, గోడలే వేస్తానన్నాడు. ఇక ఎవరూ పిలవలేదు. మకావ్ వెళ్ళాడు, అక్కడా అంతే. ఇక్కడికొచ్చేసరికి మా సాఫ్ట్‌వేర్ కంపెనీల మంచి రోజులు. ప్రతి కంపెనీకీ రిసెప్షన్‌లో ఒక పెద్ద బొమ్మ కావాలి. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆయన ఫోటో మ్యాగజైన్‌లో పడింది. ఎనిమిది గోడలు వేశాడు."

"ఎనిమిది. ఏడు నేనే కొట్టేసినా."

"ఏంటి?"

"ఆఫీసు ఖాళీ చేస్తే గోడ మొదట ఎట్లుండె అట్ల అప్పజెప్పల్ల గదా సార్. కంపెనీలు వరసబెట్టి పడిపాయ. అన్నిటికీ మా బ్యాచ్‌నే పిలిచినారు."

"ఏడూ లేవా! ఆయనకు తెలుసా?"

"రంగు చిక్కగా ఉంది. కొంచెం నీళ్ళు కలపల్ల."

"ఓబయ్యా, నిన్నే."

"మీరు చెప్పండి సార్. ఈ గోడ సంగతి ఆయనకు మీరేం చెప్పినారు?"

"నేనా? నేనేం చెప్పాను..."

"ఊఁ."

"జనవరిలో ఫోన్ చేశాడు. లిస్బన్ మ్యూజియం నుంచి ఒకావిడ వస్తుందట, సోమవారం. ఆయన మొత్తం పని మీద ఒక ప్రదర్శన పెట్టాలని. ఇక్కడి గోడ ఒక్కటైనా కళ్ళారా చూస్తేనే పెడుతుందట. 'నా గోడ ఉంటుందా?' అన్నాడు. అప్పటికే మా కంపెనీ మూసేస్తున్నారని నాకు తెలుసు."

"మీరేమన్నారు?"

"ఉంటుందన్నాను. మేమెక్కడికీ పోవడం లేదన్నాను. ముసలాయన అలా అడుగుతుంటే నోరు రాలేదు ఓబయ్యా. అప్పటి నుంచి వారానికొకసారి ఫోన్. ప్రతిసారీ అదే అబద్ధం. హౌగాంగ్‌లో మా ఫ్లాట్‌లో ఫోన్ మోగితే మా ఆవిడ వసుంధర ఎత్తి, నేను స్నానంలో ఉన్నానంటుంది. రోజుకెన్ని స్నానాలు చేస్తారండీ అని వెక్కిరిస్తుంది."

"సోమవారం దాకా ఆపమని బిల్డింగ్ వాళ్ళను అడిగినారా సార్? నిజంగా?"

"మూడుసార్లు అడిగాను. నాలుగు రోజులేగా అన్నాను. కొత్త పార్టీ వస్తోంది, గోడ తెల్లగా లేకపోతే అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేది లేదన్నారు. ఆ సంతకం పడితేనే ఇక్కడ నా పని అయిపోయినట్టు. పదో తారీకుకి నా వర్క్ పాస్ గడువు అయిపోతుంది, నేనే ఈ దేశంలో ఉండకూడదు. ఇంకేం చెయ్యను?"

"ఆయన కూడా అదే అన్నాడు, మీరు అడిగే ఉంటారని."

"ఎవరు?"

"నిచ్చెన ఆ మూలకు జరపల్ల సార్."

"ఎవరన్నారు ఓబయ్యా?"

"పన్నెండున్నర అయింది సార్. అన్నం తెచ్చినా. మీరు తింటారా?"

"మూడు పొట్లాలు తెచ్చావేంటి? మీరిద్దరేగా?"

"మూడోది మీకు."

"నేనొస్తానని నీకు తెలీదుగా. వెళ్ళిపొమ్మని ఇందాకట్నించీ చెప్తున్నావు. ఎవరున్నారు లోపల?"

"అది మా బావమరిదికి సార్, సాయంత్రం పట్టుకపోదామని. గట్టిగా మాట్లాడొద్దు."

"ఎవరు ఓబయ్యా లోపల?"

"మీరుంటే బయటికి రానన్నాడు. తనకంతా తెలుసని మీకు తెలీకూడదన్నాడు. పొద్దున ఏడింటి నుంచి కింద నాకోసం కాచుకోనుండె సార్, నాతోనే పైకి వచ్చినాడు. మీరేమో పోరు. ఆయనకు ఆకలి గదా."

"అయ్యో."

"ఏడు గోడలకూ వచ్చినాడు. మొదటిదానికి ఎరుపు పైకి వచ్చిందని చెప్పినా గదా, మా ఫోర్‌మన్ నన్ను ఊరికి పంపించేస్తానన్నాడు. టికెట్ కూడా తెప్పించినాడు. పెద్దాయన ఆడనే నిలబడి చూస్తాండె. ఏమనుకున్నాడో, నన్ను సెరంగూన్‌లో రంగుల అంగడి దాకా తీసకపోయి ఈ సీలర్ డబ్బా చూపించినాడు. ఎట్ల పట్టియ్యల్లో ఆయనే నిలబడి నేర్పినాడు, నా పని నిలబడె. ఆయన ఎరుపు కదా, దాన్ని ఎట్ల అణచల్లో ఆయనకే తెలుసు."

"మరి వారం వారం నాకు ఫోన్ ఎందుకు చేశాడు? గోడ ఉంటుందా, ఉంటుందా అని?"

"నేనూ అడిగినా సార్. 'ఉంటుందని చెప్పేటప్పుడు ఆ మనిషి గొంతు బాగుంటుంది' అన్నాడు."

"మరి మ్యూజియం ఆవిడ? సోమవారం..."

"రావద్దని పోయిన నెలలోనే రాసినాడు. చూసేదానికి ఏమీ లేదని."

"నేనాయన మొహం ఎలా చూడను?"

"చూడొద్దు. అన్నం చూడండి. నీళ్ళ చప్పుడు ఆగిపాయ, వస్తాండాడు."

"ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడు ఓబయ్యా? నాకు వినపడలా."

"రెండో కోటు తనే కొడతాడంట సార్. ముందు తిందామంటాడు."

నేల మీద పాత పేపర్లు పరిచారు. మూడు పొట్లాలూ ఖాళీ అయ్యాక అడెలీనో రోలర్ అందుకున్నాడు.