రజితకు మంచం

పన్నెండు రోజుల బాలింత రజితను పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, అత్త సాయమ్మ నర్సు శ్వేత మీదికి లేచింది.

“దారమే పుచ్చిందో, కుట్టినోళ్ల చేతులే పుచ్చినయో! ఊడినయంటే ఊడినయి.”

“జర మెల్లగ మాట్లాడు అవ్వా, పసిపిల్లలు పండుకున్నరు. ఐదోనాడు నేనే చూసిన, కాన్పు కుట్లు మంచిగ మానుతున్నయి. ఇంట్ల ఏం జేసినవో చెప్పు. పసుపు పెట్టినవా? బూడిదా?”

“నువ్వు చెప్పింది తప్ప ఒక్కటి జేస్తే నా చెయ్యి ఇరగ. పొద్దుమాపు గోరువెచ్చటి నీళ్ల టబ్బుల కూసోబెట్టిన. మెత్తటి బట్టతోని అద్దిన. నాలుగు గంటలకోపాలి ప్యాడు మార్చిన.”

“నీళ్లు తాగనిచ్చినవా? బాలింతకు నీళ్లొద్దని ఎండబెడుతరు మీరు. దొడ్డికి గట్టిగైతే ముక్కుతది, కుట్ల మీద పడుతది.”

“చెంబులకు చెంబులు తాపిన. కోడలా, చెరువా అని వాడకట్టోళ్లు నవ్విన్రు.”

“మరి బరువెత్తిందా? మిరప తోటకు తోలినవా?”

“చీపురుపుల్ల ముట్టనియ్యలె.”

“మరెట్ల ఊడినయి? దయ్యమొచ్చి పీకిందా?”

“నర్సువు నువ్వా, నేనా?”

“రజితా, నువ్వు చెప్పమ్మా.”

“బాత్రూంల... జారిన, సిస్టర్.”

“జారితే గిట్ల కాదు.”

“జారిందన్నది గద! రాస్కో. రాస్కోని మంచం చూపియ్యి.”

“మంచమెందుకు? చీము పట్టలె. శుభ్రం జేస్త, డాక్టరమ్మ చూసి మందులు రాస్తది. ఇంటికి తీస్కపో. గదే టబ్బు, గవే నీళ్లు.”

“కొడకండ్ల కెల్లి ఆటోల ఏసుకొచ్చిన. తీస్కపోను.”

“మంచాలు లేవవ్వా.”

“కింద పండుకుంటది. నెల రోజులు.”

“నెలా? ఇదేమన్న మీ చుట్టాలిల్లా? తల్లిగారింటికి పంపు.”

“తల్లి లేదు దానికి.”

“అత్తమ్మా, పోదాం పా. ఆయన కోపం జేస్తడు.”

“నువ్వు నోర్ముయ్!”

“పచ్చి బాలింత మీద ఒర్రుతవేంది? నాకు సమజైంది లే. ఆడపిల్ల పుట్టిందని వదిలించుకుంటున్నవ్.”

“ఔ. వదిలించుకుంటున్న. గట్లనే రాస్కో. గని మంచమియ్యి.”

“నీ అసుంటి అత్తను యాడ సూడలె. ఉండు, నీ కొడుకునే అడుగుత. బయట ఆటో కాడ ఉన్నడు గద, యుగేందరేనా?”

“పిలువకు.”

“ఆమె మొగడే గద!”

“పిలువకంటున్న! తలుపు తియ్యకు.”

“జరుగవ్వా. ఎందుకు పిలువొద్దో చెప్పి జరుగు.”

“ఇంటికి తెచ్చినకాడ్నించి దాని గుమ్మంల అడ్డం పండుకుంటున్న బిడ్డా, వాడు లోపలికి పోకుండ. మొన్న రాత్రి నాకు నిద్ర పట్టింది.”