దాచిపెట్టిన పదకొండు గంటలు

కాలేజీ క్యాంటీన్లో అతన్ని అందరూ టైమ్‌టేబుల్ అన్న అంటారు. హాస్టల్ గదిలో గోడ నిండా ఏడు రంగుల టైమ్‌టేబుల్ అంటించుకున్న ఘనుడు మరి. ఆ రోజు నాలుగింటిలోపు ఆఫీసులో రికార్డు పుస్తకం ఇవ్వాలి. ఇవ్వకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. పోయినేడూ ఇలాగే పోయింది. అయినా వాచీ చూసుకుని, "బోలెడు టైముంది, నా వాచీ గంట ముందుంటుంది" అని ధీమాగా టీ చెప్పాడు. ఎదురుగా ఇద్దరు జూనియర్లు కూర్చున్నారు. ఇంకేం, నోరు ఊరుకోలేదు.

"మొదట్లో నేనూ మీలాగే ఉండేవాణ్ణి. తర్వాత పళ్ళు తోముకుంటూ ఒక పాఠం చదవడం మొదలెట్టా. అంతే, పెద్ద విషయమేం కాదు."

"బావుందన్నా" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

"ఉండు, అసలు సంగతి వినలేదుగా! పాఠం అయిపోయేది, పళ్ళు మిగిలిపోయేవి. అందుకని స్నానానికి ఒకటి, తల దువ్వుకోవడానికి ఒకటి, ఆవలింతకి చిన్న పేరా ఒకటి పెట్టుకున్నా. పుస్తకాలు చాల్లేదు. లైబ్రరీ మేడమ్ బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, 'బాబూ, అట్టలైనా మిగల్చు' అని బతిమాలుకుంది."

"అన్నా, టైము..." అంది రెండో శ్రోత, ఫోన్ చూస్తూ. ఆ అమ్మాయి కాలేజీలో చేరి నెలే అయింది.

"టైము సంగతి నాకా చెప్తావు తల్లీ? విను. తర్వాత నిద్ర. కుడి కన్ను నిద్రపోతుంటే ఎడమ కన్ను చదివేది. రెండింటికీ షిఫ్టులు. ఓసారి షిఫ్టు మారేటప్పుడు రెండు కళ్ళూ కొట్టుకున్నాయి కూడా!"

కళ్ళజోడు కుర్రాడు నోరెళ్ళబెట్టాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సోమవారం పనులు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఖాళీగా కూర్చోలేక మంగళవారం మొదలెట్టా. అలా అలా గురువారం దాకా వెళ్ళిపోయా. మంగళవారం నాడు లెక్చరర్ గారే వెతుక్కుంటూ వచ్చి, 'నాయనా, ఎల్లుండి నేనేం పాఠం చెప్పానో ఆ నోట్సు కాస్త ఇస్తావా' అన్నారు."

"ఇచ్చారా అన్నా?" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

"ఇవ్వకేం! పాపం, ఆయనకి అంత టైమెక్కడిది? ఇక ఈ వాచీ. నాతో పరిగెత్తలేక నిన్న ఆగిపోయింది. షాపాయన కొత్త సెల్లు వేసి, 'దీన్ని చూసైనా కాస్త నెమ్మదిగా బతకండి సార్' అని దణ్ణం పెట్టాడు. ఇప్పటికి నా దగ్గర పదకొండు గంటలు మిగులు. దాచిపెట్టా, ముట్టుకోను."

"అన్నా, ఒక్క మాట..." అంది కొత్తమ్మాయి.

"చివర్లో అడుగు తల్లీ."

అప్పుడే ఆఫీసు గుమస్తా తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చి పక్క బెంచీ మీద కూలబడి టీ చెప్పాడు.

"అప్పుడే వచ్చేశారేంటి సార్? ఇంకా మూడుంపావేగా" అన్నాడు టైమ్‌టేబుల్ అన్న.

"నాలుగుంపావు. ఆఫీసు మూసి వస్తున్నా."

"నా వాచీలో నాలుగుంపావు. ఇది గంట ముందు. అంటే మూడుంపావు!"

"అదే చెప్దామనుకుంటున్నా అన్నా. సెల్లు వేసినాయన టైము కూడా సరిచేసే ఇస్తాడు కదా" అంది కొత్తమ్మాయి.

టైమ్‌టేబుల్ అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంకో ఏడాది ఇదే క్లాసు, ఇంట్లో నాన్న చూపు, ఆ గోడమీది ఏడు రంగులు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. "సార్, పోయినేడు కూడా..." అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

గుమస్తాకి జాలేసింది. "ఏడవకు. నా టీ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆఫీసు తెరిచి ఉన్నట్టే అనుకుందాం. రికార్డు ఇటివ్వు."

టైమ్‌టేబుల్ అన్న సంచి తీశాడు కానీ, గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. గుమస్తాయే లాక్కుని రికార్డు తెరిచాడు. మొదటి పేజీలో ఏడు రంగుల టైమ్‌టేబుల్. ఆఖరి రెండు ప్రయోగాల పేజీలు తెల్లగా ఉన్నాయి. ఉందనుకున్న ఆ గంటలో అవి రాసేద్దామనే అతను క్యాంటీన్‌కి వచ్చింది.

"ఇవేంటి?"

"రాయడానికి..." తల వంచుకుని గొణిగాడు, "టైము దొరకలేదు సార్."

కొత్తమ్మాయి పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టింది.

"టీ వచ్చేస్తోందన్నా. ఆ పదకొండు గంటల్లోంచి ఓ అరగంట బయటికి తీయండి."